బడి జావకు ఊరి చోళ్లు కొనండి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల బడుల్లో పిల్లలకు పోస్తున్న రాగి జావకు కావలసిన చోళ్లను ఈ జిల్లాల రైతుల దగ్గరే, మద్దతు ధరకే, మండలాల వారీగా కొనాలి. మేం చెప్పదలచుకున్నది ఇదొక్కటే. దీనికి ఎంత పంట కావాలి, ఎంత డబ్బవుతుంది, పని ఎక్కడెక్కడ చెడుతుంది అన్నవి లెక్కలతో పెడితే తప్ప అధికారులు వినరు కాబట్టి లేఖ కొంచెం పొడుగైంది. కాగితాల మీద రాగులు అంటారు గానీ ఇక్కడి పొలంలోనూ వంటింట్లోనూ వీటి పేరు చోళ్లే. మేమూ అలాగే రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆహార సబ్సిడీకి కేటాయించింది 2 లక్షల 3 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో సింహభాగం బియ్యం, గోధుమలదే. అదే బడ్జెట్‌లో అంగన్‌వాడీ, పోషణ్ పద్దుకు 21,960 కోట్లు, బడి భోజనానికి 12,500 కోట్లు. రెండూ కలిపినా ఆహార సబ్సిడీలో ఆరో వంతు. కడుపు నింపే ఖర్చు పెద్దది కావడంలో తప్పులేదు, 80 కోట్ల మందికి పైగా తింటున్న గింజలవి. కానీ 2013 నాటి ఆహార భద్రత చట్టం బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలతో పాటు ముతక ధాన్యాలు ఒక రూపాయికి ఇవ్వాలని కూడా రాసింది. 2023 జనవరి నుంచి అన్నీ ఉచితం చేశారు. అంటే చట్టం రాసినప్పుడే చోళ్లకు, జొన్నలకు, గంటెలకు (సజ్జలకు) చోటు పెట్టారు. మన వైపు రేషన్ సంచిలోకి ప్రధానంగా వచ్చింది మాత్రం బియ్యమే.

ఫలితం జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకు ముందు సర్వేలో అది 31.4. నాలుగైదేళ్లలో కదిలింది అరశాతం కూడా లేదు. పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 63.2కు పెరిగింది. బియ్యం కొరత ఉన్న రాష్ట్రం కాదిది.

బియ్యానికీ చోళ్లకూ ధర తేడా ఎంత? 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. పచ్చి బియ్యం ఆడిస్తే నూటికి 67 కిలోలు ఇవ్వాలన్నది నిబంధన. ఆ లెక్కన మర ఆడించే కూలి, గోనె, రవాణా కలపకముందే కిలో బియ్యం 35 రూపాయల 36 పైసలు పడుతుంది. చోళ్ల మద్దతు ధర క్వింటాలు 4,886. వీటికి పొట్టు తీసే పని లేదు, శుభ్రం చేసి పట్టిస్తే నూటికి 95 కిలోల దాకా పిండి వస్తుంది. కిలో పిండికి గింజ ఖర్చు 51 రూపాయల 43 పైసలు. తేడా 16 రూపాయలు. ఆ పదహారు రూపాయలకు వచ్చేదేమిటంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సున్నం (కాల్షియం) 364 మిల్లీగ్రాములు, మర పట్టిన బియ్యంలో ఏడున్నర. ఇనుము చోళ్లలో 4.6, బియ్యంలో 0.65.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. చోళ్లు సర్వరోగ నివారిణి కాదు. మాంసకృత్తులు వీటిలోనూ 7 శాతమే, బియ్యం కన్నా ఎక్కువేం కాదు. ఇనుము ఉన్నా గింజలోని ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు దాన్ని ఒంటికి అంత తేలిగ్గా పట్టనివ్వవు. కాబట్టి గుడ్డు తగ్గించి జావ పెంచుతామంటే అది నష్టం బేరం. పప్పు పలచన చేసి జావ పోస్తామన్నా అంతే. చోళ్లు బియ్యం వాటాలోంచి కొంత తీసుకోవాలి, గుడ్డు జోలికి పోకూడదు.

ఇనుము కోసం ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఇంకో దారిలో పోయింది. పోషకాలు కలిపిన బియ్యం పథకాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగిస్తూ 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 17,082 కోట్లు ఆమోదించింది. మామూలు బియ్యం నూరు పాళ్లకు ఒక పాలు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 దట్టించి చేసిన గింజలు కలపడం ఆ పథకం. ఆ గింజ రంగు కాస్త వేరు, నీళ్లలో తేలుతుంది. ఊళ్లలో దాన్ని ప్లాస్టిక్ బియ్యమనుకుని ఏరి పారేసే ఇళ్లు ఎన్నో. చేటలో పోసి ఏరేసేది సరిగ్గా ఆ ఖరీదైన గింజనే. చోళ్ల మీద ఇలాంటి అనుమానం ఈ ప్రాంతంలో ఎవరికీ లేదు, తాతల నాటి అంబలి కదా.

ఇప్పుడు గ్లాసు దగ్గరకు వద్దాం. 2023 మార్చిలో మొదలైన రాగి జావ వారానికి మూడు రోజులు. మంచి పనే. తలకు 10 గ్రాముల పిండి అనుకుంటే పిల్లవాడికి అందే సున్నం 36 మిల్లీగ్రాములు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాడికి రోజుకు కావలసింది 650. పద్దెనిమిదో వంతు. మరి 30 గ్రాములు వేయొచ్చు కదా అంటారు. వేసి చూడండి. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు 30 గ్రాముల మామూలు పిండి కాస్తే అది జావ కాదు, అంబలీ కాదు, గరిటె నిలబడే సంకటి. పిల్లలు తాగరు, తొట్టిలో పోస్తారు. మామూలు పిండితో తాగగలిగే జావ కావాలంటే ఆ గ్లాసులో పన్నెండు, మహా అయితే పదిహేను గ్రాములకు మించి పట్టదు. పిండిలో ఉన్న గంజి పదార్థం వేడికి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, చల్లారితే ఇంకా బిగుస్తుంది. వంట ఆయమ్మ చేతివాటం అంటూ ఆమెను తప్పుబట్టడం సులువు గానీ అసలు అడ్డంకి ఇది.

దీనికి మందు మొలక కట్టడం. చోళ్లను మూడు నాలుగు నీళ్లలో కడిగి, రాళ్లు ఇసుక దేవి, రాత్రంతా అంటే ఒక పన్నెండు గంటలు నానబెట్టాలి. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చకపోతే పులుపు వాసన వస్తుంది. నీళ్లు వార్చి తడి గుడ్డలో మూట కట్టి ఒకటి, ఒకటిన్నర రోజు ఉంచాలి, ఆరితే నీళ్లు చిలకరించాలి. మొలక రెండు మూడు మిల్లీమీటర్లు రాగానే ఆపేయాలి. ఇంకా వదిలితే గింజలోని సత్తువ మొలకే తినేస్తుంది, తరుగు పెరుగుతుంది. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద పలచగా పరిచి ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి పట్టించాలి. నూటికి పది కిలోల దాకా తరుగు పోతుందని ముందే లెక్కలో వేసుకోవాలి. ఫైటేట్లు కొంత తగ్గుతాయి కాబట్టి ఇనుము కాస్త బాగా ఒంటబడుతుంది. అంతకన్నా పెద్ద లాభం, మొలకలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము గంజిని విరగ్గొట్టి జావను పలచబరుస్తుంది. అప్పుడు 200 మిల్లీలీటర్ల గ్లాసులో 30 గ్రాముల పిండి హాయిగా తాగొచ్చు.

ఇక్కడే చాలా చోట్ల పని చెడుతోంది. మొలక పిండి తెచ్చి మరుగుతున్న నీళ్లలో గుమ్మరిస్తే ఎంజైము ఆ క్షణమే చచ్చిపోతుంది. జావ మామూలు పిండిలాగే గట్టిపడుతుంది. "మొలక పిండి వల్ల ఏం ఒరగలేదు" అని తీర్పు చెప్పేస్తారు. వేయించేటప్పుడు మాడ్చినా అదే నష్టం. సరైన పద్ధతి నూరు మంది పిల్లలకు ఇలా ఉంటుంది. 3 కిలోల పిండిని 6 లీటర్ల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపాలి. వేరే గిన్నెలో 13 లీటర్ల నీళ్లు గోరువెచ్చగా చేసి, కలిపిన పిండి అందులో పోసి, మంట తక్కువలో పెట్టి మెల్లగా వేడెక్కనివ్వాలి. చిక్కబడి మళ్లీ పలచబడే దశ ఒకటి కంటికి కనిపిస్తుంది, గరిటె ఒక్కసారిగా తేలికవుతుంది. అదయ్యాక మంట పెంచి అయిదు నిమిషాలు బాగా మరగనివ్వాలి. మొలక కట్టిన గింజ మీద సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి, ఈ చివరి మరుగు తప్పనిసరి. కిలో బెల్లాన్ని విడిగా లీటరు నీళ్లలో కరిగించి గుడ్డతో వడకట్టి, దించాక కలపాలి. అనకాపల్లి బెల్లమైనా మరేదైనా వడకట్టకుండా వేస్తే గ్లాసు అడుగున మట్టి తేలుతుంది. పాలు పోసే ఆలోచన ఉంటే వేడి మీద బెల్లం జావలో పోయకూడదు, విరిగిపోతాయి. గిన్నె 30 లీటర్లది ఉండాలి. 20 లీటర్ల గిన్నెలో 20 లీటర్ల జావ కాచడం కుదరదని చెప్పక్కర్లేదు గానీ, సామాను జాబితా రాసేవాళ్లు ఈ సంగతి ఎందుకో మరిచిపోతారు.

మొత్తం పిండి మొలక కట్టించే వీలు లేకపోతే ఇంకో చిన్న దారి ఉంది. మామూలు పిండితో జావ కాచి దించి, చెయ్యి తాకితే చురుక్కుమనేంత వేడిలో ఉన్నప్పుడు లీటరుకు ఒక చెంచా మొలక పిండిని చన్నీళ్లలో కలిపి పోసి, పది నిమిషాలు తిప్పి, మళ్లీ ఒక పొంగు రానిచ్చినా జావ పలచబడుతుంది. నూటికి అయిదు కిలోల మొలక పిండి చాలు. వానాకాలంలో ఎండ దొరక్క మొలక గింజకు బూజు పడుతుంది కాబట్టి ఈ కొద్దిపాటి మొలక గింజను ఏప్రిల్, మే ఎండల్లోనే చేసి, గాలి చొరని డబ్బాల్లో గింజగానే దాచుకుని, నెలకు కావలసినంత మాత్రం పట్టించుకోవడం మేలు.

మండలం లెక్కకు వస్తే, బడి పిల్లలు 3,000 మంది ఉన్న ఒక మండలం అనుకుందాం. వారానికి మూడు రోజులు కాదు, బడి జరిగే 220 రోజులూ తలకు 30 గ్రాములు వేసినా కావలసిన పిండి 19,800 కిలోలు. గింజగా సుమారు 208 క్వింటాళ్లు. మద్దతు ధర మీద 10 లక్షల 18 వేల రూపాయలు. పిల్లవాడికి రోజుకు రూపాయి 54 పైసలు. పట్టించే కూలి, రవాణా, బెల్లం, గ్యాసు కలిపినా మూడు రూపాయల లోపు. పంట ఎంత కావాలి? వర్షాధారం గరువుల్లో (మెట్ట పొలాల్లో) ఎకరాకు 5 క్వింటాళ్లే అనుకున్నా 42 ఎకరాలు చాలు. చీపురుపల్లి, గజపతినగరం, మెంటాడ, గంట్యాడ వంటి మెట్ట ఉన్న మండలాల్లో 42 ఎకరాలు ఒక్క ఊరి గరువు. ఇంత చిన్న లెక్కకు ఎక్కడి నుంచో లారీల మీద పిండి రావలసిన పని లేదు.

ఈ రూపాయిన్నరను దేనితో పోల్చాలో కూడా చెప్పాలి. బడి భోజనంలో బియ్యం కాక పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంట చెరకు లేదా గ్యాసు అన్నిటికీ కలిపి 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. ప్రాథమిక తరగతికి కొలత 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. కందిపప్పు కిలో 120 అనుకుంటే పప్పుకే 2 రూపాయల 40 పైసలు, కూరగాయలు కిలో 40 అనుకుంటే 2 రూపాయలు, నూనె కిలో 150 అనుకుంటే 75 పైసలు. మిగిలింది రూపాయీ 63 పైసలు, అందులోనే ఉప్పు, కారం, చింతపండు, గ్యాసు. టమాటా 60 దాటిన నెలలో చారు ఎందుకు నీళ్లలా ఉందని అడిగేవాళ్లు ఈ కూడిక ఒకసారి చేసుకోవాలి. జావ ఖర్చు ఈ 6.78లోంచి తీయమంటే మాత్రం బడి వంట ఏజెన్సీలు చేతులెత్తేస్తాయి. విడిగా పద్దు ఉండాలి. తెల్లారగట్ల వచ్చి జావ కాచే ఆయమ్మకు నెలకు 3,000 గౌరవ వేతనం మీద ఒక్క రూపాయి అదనం లేకుండా ఆ పని చేయించడం ఎంతవరకు న్యాయమో కూడా అదే పద్దులో ఆలోచించాలి.

కొనుగోలు ఎలా చేయాలన్నది అసలు చిక్కు. ధాన్యానికి ఒక యంత్రాంగం ఉంది. రైతు సేవా కేంద్రం, తేమ కొలిచే యంత్రం, గోనె సంచి, లారీ, మిల్లు, ఖాతాలో డబ్బు. దాని లోపాలు శ్రీకాకుళం రైతుకు కంఠతా వచ్చు. తేమ 17 శాతం దాటితే కొనరు. కోత యంత్రంతో నవంబరు, డిసెంబరుల్లో కోసిన ధాన్యం 20 శాతం పైనే ఉంటుంది. వెనకటిలా కుప్ప వేసి సంక్రాంతి దాటాక నూర్చితే ఆ గొడవే ఉండేది కాదు, కానీ కూలీలు లేక, తుపాను భయంతో యంత్రమే దిక్కయింది. 20 నుంచి 17కు ఆరబెడితే నూటికి మూడు కిలోలు తగ్గుతుందనుకుంటారు. తగ్గేది 3.6 కిలోలు, ఎందుకంటే 80 కిలోల పొడి సరుకు మారదు, దాన్ని 83 శాతంగా లెక్కేస్తే మొత్తం 96.4 అవుతుంది. కేంద్రంలో యంత్రం ఒక అంకె చూపించి మిల్లు దగ్గర ఇంకో అంకె చూపిస్తే 80 కిలోల బస్తాకు రెండు కిలోలు అదనంగా పెట్టమన్న బేరం అక్కడే మొదలవుతుంది. బస్తాకు రెండు కిలోలంటే 47 రూపాయలు, నూరు బస్తాలకు 4,700 పైన. లోపాలు ఎన్ని ఉన్నా, కొనే చోటు ఒకటుంది కాబట్టే రైతు వరి వేస్తున్నాడు. చోళ్లకు మద్దతు ధర 2023-24లో 3,846 నుంచి 2025-26లో 4,886కు పెంచారు, రెండేళ్లలో 1,040 రూపాయలు. అదే రెండేళ్లలో ధాన్యానికి పెరిగింది 186. అయినా గరువు రైతుకు కొనే చోటు ఊరి దరిదాపుల్లో లేకపోతే ఆ పెంపు పత్రికలో అంకె వరకే.

అందుకని చోళ్లకు ఆ దారిలోనే, కానీ మిల్లు మెలిక లేకుండా, మండలంలోనే ముగిసే కొనుగోలు కావాలి. మొదట ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క. మెట్టలో వెదజల్లిన చోడిని, కందితో కలిపి వేసిన చోడిని చాలాసార్లు నమోదులో వదిలేస్తారు, లేదా కంది అని మాత్రమే రాస్తారు. ఎనిమిది వరసల చోడికి రెండు వరసల కంది వేయమని శాస్త్రవేత్తలే చెబుతారు కాబట్టి నమోదులో రెండు పంటలూ పడాలి. కౌలు కార్డు ఉన్నవాళ్లు, కొండ మీద అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజనులు జాబితాలో లేకపోతే అసలు చోళ్లు పండించేవాళ్లే బయట ఉండిపోతారు.

తర్వాత నాణ్యత. చోళ్లకు తేమ 12 శాతం, చెత్త ఒక శాతం మించకూడదు. తేమ పెద్ద సమస్య కాదు, వెన్నులు కోసి ఎండబెట్టి నూరుస్తారు కనుక సులువుగా దిగుతుంది. సమస్య ఇసుక. తారు రోడ్డు మీద, మట్టి కళ్లంలో ట్రాక్టరు తొక్కిస్తే గింజంత ఇసుక రేణువులు గింజలో కలుస్తాయి. చేటతో చెరిగితే పొట్టు పోతుంది గానీ ఇసుక పోదు. పరీక్ష చాలా తేలిక. గాజు గ్లాసులో నీళ్లు పోసి గుప్పెడు చోళ్లు వేసి కలిపి ఒక నిమిషం ఆగి, గింజను మెల్లగా వంపేస్తే అడుగున ఇసుక మిగులుతుంది. పిల్లల పంటి కింద పడేది అదే. టార్పాలిన్ మీద నూర్పు, మండలానికి ఒక జల్లెడ యంత్రం, ఒక రాళ్లు తీసే యంత్రం ఉంటే ఈ బాధ పోతుంది. ఈ యంత్రాలు, పిండిమర కలిపి మహిళా సంఘమో రైతు ఉత్పత్తిదారుల సంఘమో పెట్టుకుంటే కేంద్రం సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం కింద ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా రాయితీ ఉంది. ఇందుకు కొత్త జీవో అక్కర్లేదు.

సరుకును గింజగానే నిల్వ చేయాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆరిన చోళ్లు ఏళ్ల తరబడి చెడవు, గింజ చిన్నది కాబట్టి పురుగు తొలిచే చోటే తక్కువ. పిండి అలా కాదు. పట్టించిన రెండు నెలలకు చేదెక్కడం మొదలవుతుంది, వానాకాలంలో ఎర్ర పిండి పురుగు పడుతుంది, ఉండ కడుతుంది. ఒకేసారి ఏడాదికి సరిపడా పిండి టెండరు పిలిచి, జిల్లా గోదాములో దించి, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి బడికి పంపితే గ్లాసులోకి చేరేసరికి అది ఎప్పటి పిండో ఎవరికీ తెలియదు. గింజ మండల గోదాములో చెక్క బల్లల మీద, గోడకు మూరెడు ఎడంగా, లోపల పాలిథిన్ పొర ఉన్న గోనెల్లో ఉంచి, నెలకోసారి బడికి కావలసినంత మాత్రమే పట్టించి పంపాలి. 150 మంది ఉన్న బడికి రోజుకు నాలుగున్నర కిలోలు, నెలకు 22 పని దినాలనుకుంటే 99 కిలోలు. నాలుగు పాతిక కిలోల సంచులు. సంచి మీద పట్టించిన తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. గుడ్డు మీద రంగు ముద్ర వేసే పద్ధతి ఎలాగూ ఉంది, పాత గుడ్డు ఏదో పిల్లవాడు కూడా చెప్పగలుగుతున్నాడు. పిండి సంచికి కూడా నెలకో రంగు దారం కుడితే పోలా.

కాలం కూడా కలిసొస్తుంది. ఖరీఫ్ చోడి అక్టోబరు, నవంబరుల్లో, రబీ చోడి మార్చి, ఏప్రిల్‌లో చేతికి వస్తుంది. బడులు జూన్‌లో తెరుస్తారు. చోళ్లు కొన్నాక పంపిణీకి ఏడు నెలల గడువు ఇస్తూ కేంద్రం 2021 డిసెంబరులోనే నిబంధన సవరించింది. అంతకు ముందు గడువు చాలా తక్కువ కావడంతో రాష్ట్రాలు కొనడానికే జంకేవి. ఇప్పుడు ఆ సాకు లేదు.

కొనేదెవరు? మైదానంలో పౌరసరఫరాల సంస్థ గానీ మార్క్‌ఫెడ్ గానీ, కొండ మండలాల్లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) గానీ. జీసీసీకి పార్వతీపురం, సీతంపేట వైపు డిపోలున్నాయి, చింతపండు, కొండచీపుర్లు కొనే తూకపు రాళ్లు ఉన్నాయి. రైతుకు డబ్బు ధాన్యంలాగే రెండు రోజుల్లో పడాలి. చోడి రైతు దగ్గర ఉండేది పది క్వింటాళ్లు, దానికి నెల రోజులు ఆగమంటే వాడు ఆగలేడు, కళ్లంలోనే షావుకారికి తూచేస్తాడు. బయట ధర మద్దతు ధర కన్నా ఎక్కువున్న ఏడాది రైతు మనకు ఇవ్వకపోవచ్చు, ఇవ్వనివ్వండి, ఆ ఏడాది బయట ధరకే కొంటే రోజుకు పైసల్లో తేడా వస్తుంది.

సరిహద్దుకు అవతల ఇది కొత్త కాదు. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన జిల్లాల్లో మద్దతు ధరకు చోళ్లు కొని రేషన్‌లో ఇచ్చింది. కొన్ని జిల్లాల అంగన్‌వాడీల్లో చోడి లడ్డూ పెట్టింది. పాతపట్నం నుంచి పర్లాకిమిడి కూతవేటు దూరం. అక్కడ నడిచింది ఇక్కడ ఎందుకు నడవదో అడిగితే, మాకు తెలిసినంతలో నేల వల్లా కాదు, గింజ వల్లా కాదు. మేలైన చోడి రకాలు తయారు చేసిందే విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం. చంపావతి, శ్రీచైతన్య, భారతి, తెల్ల గింజ హిమ, అన్నీ ఇక్కడివే. చంపావతి 80, 85 రోజుల్లో కోతకు వస్తుంది, వాన వెనకబడిన ఏడాది గెడ్డ (వాగు) పక్క పొలాలకు అది వరం. అగ్గి తెగులు మెడ విరుపుగా వస్తే వెన్ను తాలుపోతుంది, వెన్ను తీసే దశలో ఒక కన్నేసి ఉంచాలి. అంతకు మించి పెట్టుబడి అడిగే పంట కాదు.

బడి భోజన పథకాన్ని 2021 సెప్టెంబరులో పీఎం పోషణ్‌గా మార్చినప్పుడు స్థానికంగా పండే సంప్రదాయ పంటలు వాడండి, రైతు సంఘాలను, మహిళా సంఘాలను కలుపుకోండి, రక్తహీనత ఎక్కువున్న జిల్లాల్లో, వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల్లో అదనపు పోషకాహారం పెట్టండి అని కేంద్ర మంత్రివర్గ నిర్ణయంలోనే ఉంది. 2018లో ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరిన మన రాష్ట్రపు మూడింటిలో విజయనగరం ఒకటి. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40. కలెక్టరు స్థాయిలో ఒక ప్రతిపాదన తయారైతే రాష్ట్రం దాన్ని వార్షిక ప్రణాళికలో పెట్టి ఢిల్లీకి పంపగలదు. అంగన్‌వాడీలకూ ఇదే గింజ పనికొస్తుంది. మూడేళ్ల లోపు పసివాళ్ల పొట్ట చిన్నది, పలచగా ఉండి సత్తువ ఎక్కువున్న మొలక జావ అవసరం వాళ్లకే ఎక్కువ. వాళ్ల జావలో బెల్లం సగం చేసి ఒక చెంచా నూనె కలపాలి. బడి గ్లాసు పక్కన నిమ్మచెక్క పిండిన చారో ఉసిరి పచ్చడో ఉంటే ఇనుము ఇంకాస్త ఒంటబడుతుంది, ఆ వెంటనే టీ తాగిస్తే అదీ పోతుంది. కొన్ని ఇళ్లలో నాలుగేళ్ల పిల్లలకు కూడా పొద్దున్నే టీ పోస్తున్నారు, తల్లుల సమావేశాల్లో ఈ మాట గట్టిగా చెప్పాలి.

ముందుగా రెండు జిల్లాల్లో చెరో రెండు మండలాల్లో మొదలుపెట్టి చూడొచ్చు. ఖరీఫ్ చోడికి నారు జూన్, జూలైల్లో పోస్తారు, కాబట్టి కొంటామన్న మాట మే నెలాఖరులోగా రైతు సేవా కేంద్రం గోడ మీద, ధర అంకెతో సహా, అంటించాలి. నారు పోసిన తర్వాత చెబితే ఆ ఏడాది అయిపోయినట్టే. ఎకరాకు 2 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి చాలు. మండలానికి 42 ఎకరాలంటే 84 కిలోలు. ఒక బస్తా, మీద నాలుగు కిలోలు.

భవదీయులు,
వ్యవసాయ విస్తరణ, పోషకాహార పనుల్లో ఉన్న కొందరు,
గజపతినగరం, విజయనగరం జిల్లా